ఎర్రవాగు వంతెన మీద కూత

ఫిల్మ్ నగర్ బస్తీ,
ఫిబ్రవరి 3, 1997.

పాత రైళ్ల అభిమానుల సంఘం కార్యదర్శి పరబ్రహ్మం గారికి,

జంగయ్య భార్య కొమురమ్మ దండం పెట్టి రాసుకునే ఉత్తరం. ఇక్కడ మేము క్షేమం. ఇంకెన్నాళ్లు క్షేమంగా ఉంటామో మీ చేతుల్లో ఉంది.

మా ఆయనకు మీ పిలుపు అందింది. అందినప్పటి నుంచి ఆయన కాళ్లు నేల మీద ఆనడం లేదు. పొగ ఇంజన్లు పోయి డీజిల్ బండ్లు వచ్చాక, రైలు చప్పుడు వినిపిస్తే కిటికీ మూసుకునే మనిషి ఆయన. ఇప్పుడు మీరు ఎక్కడి నుంచో పాత ఇంజను తెస్తున్నారట. దానికి రంగులేసి, గూడ్సు కూడా ఎప్పుడో ఒకసారి నడిచే కంకరగుట్ట లైను మీద తిప్పుతారట. రిటైరైన డ్రైవరని గౌరవంగా మా ఆయనను ఇంజన్‌లో నిలబెట్టి, ఎర్రవాగు వంతెన మీద కూత వేయిస్తారట. చుట్టూ కెమెరాలు ఉంటాయట.

సార్, నేను చదివింది నాలుగో తరగతి. కానీ షూటింగుల వాళ్లకు వండే చోట గిన్నెలు తోముతూ ముసలిదాన్ని అయ్యాను. పాత బండి తెచ్చి, కొత్త రంగేసి, మనుషులు తిరగని చోటికి తోలుకుపోయి, చుట్టూ కెమెరాలు పెట్టారంటే అది దేనికో ఫిల్మ్ నగర్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. కూలగొట్టడానికే. ఒకసారి ఒక తెల్ల అంబాసిడర్ నీడన కూర్చుని అందరం అన్నం తిన్నాం. దానికి పూలదండ కూడా వేశారు. మరునాడు అది లోయలో మండుతోంది.

నా పెనిమిటికి డూపు పని వద్దు సార్. ఆయనకు మోకాళ్లు సరిగా లేవు, దూకలేడు.

ఈ మాట మొహాన చెబుదామని జూబ్లీహిల్స్ గుట్టెక్కి మీ గేటు దాకా వచ్చాను. కుక్కను చూసి దిగిపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ఇట్లు,
కొమురమ్మ

తా.క.: కుక్కను కట్టేసే ఉంచారు, చూశాను. కానీ గొలుసు పాతది.


జూబ్లీహిల్స్,
ఫిబ్రవరి 8.

శ్రీమతి కొమురమ్మ గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి నేనూ, మా ఆవిడ శ్యామలాదేవీ మనసారా నవ్వుకున్నాం. ఏమీ అనుకోకండి.

మాది సినిమా కంపెనీ కాదండీ. నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. మా సభ్యులు డాక్టర్లు, ప్లీడర్లు, బ్యాంకు వాళ్లు. ఆవిరి ఇంజన్లంటే మాకు ప్రాణం. ఎవరూ ఎక్కని లైన్ల మీద, ఎవరూ నడపని ఇంజన్లతో ఒక్కరోజు షికారు చేసి రావడం మా సరదా. అక్కడ ఏం జరుగుతుందో చెబితే మీ భయం ఇట్టే పోతుంది.

రైలు కంకరగుట్ట స్టేషన్ దాటి ఎర్రవాగు దగ్గర ఆగుతుంది. మా సభ్యులందరూ దిగి, దూరంగా గట్టు మీద నిలబడతారు. ఖాళీ రైలు వెనక్కి వెళుతుంది. ఇంజన్‌లో పనివాళ్లూ, మీ వారూ మాత్రమే ఉంటారు. నేను జెండా ఊపగానే, వీలైనంత ఎక్కువ పొగ వదులుతూ, వీలైనంత జోరుగా వంతెన మీదికి వస్తుంది. అందరూ ఫొటోలు తీసుకుంటారు. బాగా రాకపోతే ఇంకోసారి. అంతేనండీ!

భవదీయుడు,
పరబ్రహ్మం

తా.క.: మీరన్నాక వెళ్లి చూశాను. గొలుసు నిజంగానే పాతది. మార్పించాను.


ఫిల్మ్ నగర్ బస్తీ,
ఫిబ్రవరి 12.

పరబ్రహ్మం సారుకు,

కొమురమ్మ దండాలు. మీ ఉత్తరం చదివి మంచం మీద కూలబడ్డాను.

పక్కింటి నీలమ్మ గుంపు సీన్లలో నిలబడే మనిషి. పది షూటింగుల్లో చచ్చి బతికింది. ఆమెకు మీ ఉత్తరం చదివి వినిపించాను. సగంలోనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అక్కా, గిది పక్కా ఫైటు సీనే. హీరో దిగుతడు, హీరోయిన్ దిగుతది, డైరెక్టర్ దూరం పోయి గట్టు మీద నిలబడతడు. డూపు ఒక్కడే బండ్ల ఉంటడు. జెండా ఊపుతరు. గంతే ఇగ!"

"గట్లనకే, నాకు కాళ్లు చేతులు ఆడుతలేవు," అన్నాను.

"నేననుడేంది? సారే రాసిండు కదా!"

నిజమే కదా సార్, మీరే రాశారు. బాగా రాకపోతే ఇంకోసారి అని కూడా రాశారు. ఇంకోసారికి నేను ఇంకొకరిని ఎక్కడి నుంచి తేవాలి? నాకున్నది ఆ ఒక్కడే.

మా ఆయనను అడిగితే నవ్వుతాడు. "ఏం కాదే. ఎర్రవాగు మీద ఎన్నిసార్లు పోయిననో నాకే యాదికి లేదు" అంటాడు. అప్పుడు ఆయనా గట్టిగా ఉన్నాడు, వంతెనా గట్టిగా ఉంది. ఇప్పుడు ఆయన సంగతి నాకు తెలుసు. వంతెన సంగతి మీరు చెప్పండి.

ఇట్లు,
మంచం మీది నుంచి కొమురమ్మ

తా.క.: డూపు కాదంటే, హీరో ఎవరో చెప్పండి.


జూబ్లీహిల్స్,
ఫిబ్రవరి 17.

కొమురమ్మ గారికి,

నమస్కారాలు. హీరో ఎవరూ లేరండీ. ఇంజనే హీరో.

వంతెన నిజాం కాలం నాటిది. రాతి స్తంభాలు. ఈనాటి సిమెంటు వంతెనల కంటే గట్టివి. పైగా మేం ఏ జాగ్రత్తనూ వదల్లేదు. మా వెంట ఒక డాక్టరు గారు మందుల పెట్టెతో వస్తారు. మంటలార్పే బకెట్లు ప్రతి రైలు పెట్టెలోనూ ఉంటాయి. స్ట్రెచరు ఒకటి సిద్ధంగా ఉంటుంది. అన్నిటికీ మించి, వచ్చేవాళ్లందరి పేరా బీమా చేయించాం. మీ వారి తరఫున డబ్బు అందుకోవలసినవారిగా మీ పేరే రాశాను. ఇక మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

భవదీయుడు,
పరబ్రహ్మం

తా.క.: కేవలం కుతూహలం కొద్దీ అడుగుతున్నాను. షూటింగుల్లో మీరు వంతెన ఏదైనా కూలడం చూశారా? అంతా సరిగా చూసుకున్నాక కూడా కూలిందా?


ఫిల్మ్ నగర్ బస్తీ,
ఫిబ్రవరి 20.

పరబ్రహ్మం సారుకు,

దండాలు. స్ట్రెచరు దాకా కూడా ఎలాగో ఓర్చుకున్నాను. బీమా అనే మాట దగ్గర నా బొట్టు నేనే తడుముకున్నాను.

సార్, మా దగ్గర మామూలు పాటల షూటింగుకు డాక్టరు రాడు. డాక్టరు వచ్చాడంటే ఆ రోజు ఎవరికో విరుగుతుందని వంటవాళ్లకు కూడా తెలుసు. ఆయనకు వేరే చప్పటి కూర వండుతాం.

వంతెన గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. చెక్క వంతెన, కింద లోతు. డూపు భిక్షం దాని మీద పరుగెత్తాలి. నేను అక్కడే గిన్నెలు తోముతూ ఫైటు మాస్టరును అడిగాను.

"గా పిలగానికి ఏమన్న అయితదా సారూ?"

"ఏం కాదమ్మా, నడుముకు తాడు కట్టాం. ఏనుగును వేలాడదీసినా తెగదు," అన్నాడు.

అబద్ధం చెప్పలేదు. తాడు తెగలేదు. తాడు కట్టిన చెట్టు ఊడివచ్చింది. భిక్షం పడ్డాడు, ఆయన మీద చెట్టు పడింది, ఇద్దరి చుట్టూ తాడు మాత్రం గట్టిగానే ఉంది. దేవుడి దయ, బతికాడు. కానీ ఇప్పటికీ ఎంత ఎండకైనా చెట్టు కింద నిలబడడు.

అందుకే సార్, "ఏం కాదు" అనే మాట వింటే నాకు గుండె దడ. ఎవరికైనా ఏమైనా అయ్యే ముందు ఆ మాట అనని మనిషిని నేను చూడలేదు.

ఇట్లు,
కొమురమ్మ

తా.క.: మీ స్తంభాలు గట్టివన్నారు, సంతోషం. అవి దేని మీద నిలబడి ఉన్నాయో చూశారా?


జూబ్లీహిల్స్,
ఫిబ్రవరి 26.

కొమురమ్మ గారికి,

నమస్కారాలు. జవాబు ఆలస్యమైంది. ఒంట్లో కొంచెం నలతగా ఉంది.

మీ మాట మీద వంతెనలు చూసే ఇంజనీరు గారిని కలిశాను. పోయిన నెలలోనే పరీక్ష చేశామని కాగితాలు చూపించారు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. "స్తంభాలు సరే, అవి దేని మీద ఉన్నాయండీ?" అని అడిగాను. "భూమి మీద" అన్నారాయన. "భూమి గట్టిదేనా?" అన్నాను. ఆయన నా వంక వింతగా చూసి, మంచినీళ్లు తెప్పించి, నా భుజం తట్టారు.

"ఏం కాదు సార్," అన్నారు.

కొమురమ్మ గారూ, అచ్చంగా అదే మాట! ఆయన టీ తెప్పించబోతుంటే వద్దని లేచి వచ్చేశాను.

అయినా ఫిజిక్సు చదువుకున్నవాణ్ణి, నాకు భయమేమీ లేదు. మీరు కూడా పెట్టుకోకండి.

భవదీయుడు,
పరబ్రహ్మం

తా.క.: నేను నిద్రలో "చెట్టు, చెట్టు" అని కలవరిస్తున్నానని శ్యామలాదేవి అంటోంది. మీ ఉత్తరాలు ఇకపై తను ముందు చదివి నాకు ఇస్తుందట.


ఫిల్మ్ నగర్ బస్తీ,
మార్చి 3.

పరబ్రహ్మం సారుకు, ముందుగా ఇది చదివే శ్యామలాదేవి అమ్మగారికి,

ఇద్దరికీ దండాలు.

నిన్న మా ఆయన పాత బూట్లు బయటికి తీశాడు. కొబ్బరినూనె పెట్టి రుద్దాడు. తలకు కట్టుకునే గుడ్డ ఉతికి, ఆరేసి, ఎవరూ తీసుకుపోకుండా దాని పక్కనే కూర్చున్నాడు. రిటైరైన తర్వాత ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. "పోవద్దు" అందామని దగ్గరికి పోయాను. ఆయన నన్ను చూసి, "కొమురూ, వంతెన మీదికి ఎక్కంగనే ఇంజను సప్పుడు మారుతది, ఎరికేనా?" అన్నాడు. పెళ్లయిన కొత్తలో పిలిచిన పేరు అది.

పంపుతాను సార్. ఒక్క షరతు. రైలు వంతెన దాటేటప్పుడు మీరు గట్టు మీద నిలబడొద్దు. జెండా ఇంకెవరికైనా ఇవ్వండి. ఇంజను వెనకున్న మొదటి పెట్టెలో మీరు కూర్చోవాలి. నా ఇన్నేళ్లలో డైరెక్టరు ఎక్కిన బండిని కూలగొట్టడం ఎక్కడా చూడలేదు. మీరు ఎక్కితే నాకు ధైర్యం.

ఇట్లు,
కొమురమ్మ

తా.క.: అమ్మగారూ, సారును కిటికీ పక్కన కూర్చోవద్దనండి. తలుపు పక్కన కూడా వద్దు.


జూబ్లీహిల్స్,
మార్చి 7.

కొమురమ్మ గారికి,

అలాగేనండీ. మొదటి పెట్టెలో కూర్చుంటాను. మాట ఇస్తున్నాను.

పరబ్రహ్మం

తా.క.: ఈ ఉత్తరం రాసి చాలాసేపైంది. పోస్టు డబ్బా దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. ఇప్పుడు మా ఆవిడ తీసుకెళుతోంది.


జూబ్లీహిల్స్,
మార్చి 18.

శ్రీమతి కొమురమ్మ గారికి,

శుభాభినందనలు! ఆదివారం మన రైలు యాత్ర దివ్యంగా జరిగింది. మీ వారు క్షేమంగా ఇల్లు చేరారని మీకు నేను వేరే చెప్పనక్కర్లేదు. చూశారా, నేను మొదటి నుంచీ ఏమన్నాను? అనవసరంగా అంత కంగారు పడ్డారు.

ఇచ్చిన మాట ప్రకారం మొదటి పెట్టెలోనే కూర్చున్నాను. కిటికీ పక్కనే! రైలు వంతెన మీదికి ఎక్కేసరికి ఇంజను చప్పుడు మారింది. కింద ఎర్రవాగు గలగలా పారుతోంది. నీళ్ల మీద మన రైలు నీడ, ఆ నీడ మీద పొగ నీడ. ఏం దృశ్యమండీ! నాకు రవ్వంత భయం కూడా వేయలేదు. మీ వారు కూత వేస్తే కొండలు మారుమోగాయి. సభ్యుల కోరిక మీద రెండోసారి కూడా దాటాం. అప్పుడూ నేను కదల్లేదు.

ఇకనైనా భయాలు మానేసి హాయిగా ఉండండి. పెద్దవాణ్ణి, చెబుతున్నాను. మనిషికి ధైర్యం ఉండాలి.

భవదీయుడు,
పరబ్రహ్మం

తా.క.: వర్షాలయ్యాక ఇంకో లైను మీద యాత్ర వేస్తున్నాం. అందులో వంతెనలు లేవు. కావాలని కాదు, అలా కుదిరింది.


ఫిల్మ్ నగర్ బస్తీ,
మార్చి 22.

పరబ్రహ్మం సారుకు,

కొమురమ్మ కడుపు నిండా తిని, కంటి నిండా పడుకుని లేచి రాస్తున్న ఉత్తరం. మా ఆయన వాకిట్లో కూర్చుని వచ్చేపోయే వాళ్లందరికీ వంతెన కథ చెబుతున్నాడు. నేను మీకు ఇంకో కథ చెప్పాలి.

ఆదివారం నాడు నేను కూడా వచ్చాను సార్. తోడుకు ఒకరిని తెచ్చుకోవచ్చని మీరు మా ఆయనకు ఇచ్చిన రెండో టికెట్టు మీద, చివరి పెట్టెలో మూలకు కూర్చున్నాను. ఏదైనా అయితే ఇద్దరికీ కలిసే కావాలని బయలుదేరాను. తీరా కంకరగుట్టలో ఇంజనుకు నీళ్లు పడుతుంటే అందరితో పాటు దిగాను. మళ్లీ ఎక్కండని కేకేశారు. నా కాళ్లు లేవలేదు. స్టేషన్ బెంచీ మీదే ఉండిపోయాను. రైలు కదిలి వెళ్లిపోయింది. అప్పుడు చూస్తే, బెంచీకి ఆ చివర ఇంకో పెద్దమనిషి. చొక్కాకు బిళ్ల, దాని మీద "కార్యదర్శి" అని ఉంది.

"మీరు ఎక్కలేదేమమ్మా?" అన్నాడు.

"కాళ్లు గుంజుతున్నయి బాబూ. మీరు?"

"నాకు కడుపులో బాగోలేదండి."

కాసేపు ఇద్దరం పట్టాల వైపు చూస్తూ కూర్చున్నాం. ఆయన చొక్కా బిళ్లను తీస్తూ పెడుతూ ఉన్నాడు.

"కడుపు కాదమ్మా," అన్నాడు చివరికి. "భయం. కొమురమ్మని ఒకావిడ నాకు ఉత్తరాలు రాసింది. మనిషిని ఎప్పుడూ చూడలేదు. ఆవిడ పుణ్యమా అని ఇప్పుడు మా ఇంట్లో ఫ్యాను వేయాలంటే ముందు కొక్కెం చూస్తాను. తర్వాత ఆ కొక్కెం దేనికి ఉందో చూస్తాను."

నేను కొంగు ముందుకు లాక్కున్నాను.

"గా ముసల్దానికి ఇంక వేరే పని లేదా బాబూ?" అన్నాను.

"అలా అనకండమ్మా. ఆవిడ రాసినదాంట్లో ఒక్కటీ అబద్ధం లేదు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను. నా పాఠం ఒక్కడికైనా ఇంతగా తలకెక్కిందా?"

"మరి గామె ఉత్తరాలు చింపకపోయిన్రా?"

"ఎలా చింపుతాను? అంత శ్రద్ధగా నాకెవరు రాశారమ్మా?"

అప్పుడే చెప్పేద్దాం అనుకున్నాను. ఇంతలో దూరంగా ఇంజను చప్పుడు ఆగిపోయింది. మీకూ గుర్తుండే ఉంటుంది సార్, ఆ నిశ్శబ్దం. గాలి కూడా లేదు. రైలు వెనక్కి వచ్చి జెండా కోసం నిలబడిందని మీకు తెలుసు, నాకూ తెలుసు. అయినా ఇద్దరం బెంచీ పట్టుకుని కూర్చున్నాం. మళ్లీ చప్పుడు మొదలైంది. గుట్ట అవతల పొగ లేచింది. చప్పుడు మారింది. నేను కళ్లు మూసుకున్నాను.

కూత వినబడింది. పొడుగ్గా, చివర చిన్నగా విరిచినట్టు. మేము రైల్వే క్వార్టర్లలో ఉన్నప్పుడు డ్యూటీ దిగే ముందు ఆయన అట్లాగే వేసేవాడు. అది వినబడితేనే నేను పొయ్యి మీద అన్నానికి నీళ్లు పెట్టేదాన్ని.

"దాటిందా అమ్మా?" అన్నారు మీరు.

"దాటింది బాబూ! మావోడే కొట్టిండు!" అన్నాను.

"మావోడు" ఎవరని మీరు అడగలేదు. నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కళ్లు తుడుచుకునేలోపు మళ్లీ చప్పుడు మొదలైంది. "మళ్లీ ఎందుకమ్మా?" అని మీరు బెంచీ మీద కూలబడ్డారు. "మొదటిది మంచిగ రాలేదేమో" అన్నాను. ఆ రెండోదానికి మీ బిళ్ల ఊడి నా ఒళ్లో పడింది. మళ్లీ మీ చొక్కాకు నేనే పెట్టాను కూడా.

రైలు తిరిగి రాగానే మీరు మొహం కడుక్కుని, "ఎవరికీ చెప్పకండమ్మా" అని, మొదటి పెట్టె దగ్గర గుంపులో దూరి "అద్భుతం, అద్భుతం!" అన్నారు. నేను ఎవరికీ చెప్పలేదు సార్. మీకు మాత్రమే చెబుతున్నాను. ఆ కొమురమ్మను నేనే.

సిగ్గుపడకండి. ఆ బెంచీ మీద మీరు లేకపోతే ఆ నిశ్శబ్దానికే నా గుండె ఆగేది. మా ఆయన డ్యూటీకి పోయిన రోజులన్నీ ఇట్లాగే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఎన్నడూ పక్కన ఇంకో మనిషి లేడు. ఈసారి ఉన్నారు. వంతెనలు లేని లైను అన్నారు కదా, దానికి ఇద్దరం వస్తాం. మా ఆయనను ఇంజన్‌లో ఎక్కించండి. మనిద్దరికీ నీడన ఒక మంచి బెంచీ చూసి పెట్టండి. ఇంటి నుంచి నేను చాయ్ తెస్తాను.

ఇట్లు,
మీ పక్కన కూర్చున్న
కొమురమ్మ

తా.క.: నేనూ గట్టు మీదే నిలబడి అంతా చూశానని మా ఆయనకు చెప్పాను. ఎట్లా ఉందో చెప్పమని రోజూ అడుగుతుంటే తలనొప్పని తప్పించుకున్నాను. నిన్న మీ ఉత్తరం వచ్చింది. హమ్మయ్య అనుకుని, మీరు రాసిందంతా బట్టీ పట్టి, "కింద వాగు గలగల పారుతాంటే, నీళ్ల మీద నీ బండి నీడ పడ్డది" అన్నాను. "వాగు ఎండిపోయి మేకలు మేస్తున్నయి. నీకు నీళ్లు ఏడ కనబడ్డయే?" అన్నాడు. ఇంకోసారి రాసేటప్పుడు చూసిన వాళ్లను అడిగి రాయండి సార్. ఇద్దరం దొరికిపోయాం.